నలభై ఎనిమిది అంకెల తాళం

2022 జూన్‌లో నన్ను పంజాగుట్ట సర్వీస్ సెంటర్‌కు ఎస్కలేషన్ మేనేజర్‌గా వేశారు. అంతకుముందు నాలుగేళ్లు అదే భవనంలో, కింది అంతస్తులో ఉన్న ల్యాప్‌టాప్‌ల అమ్మకాల కౌంటర్ నా కింద ఉండేది. కాబట్టి బదిలీ అంటే రెండంతస్తులు మెట్లెక్కడమే. పదవీ విరమణకు అప్పటికి రెండేళ్లు మిగిలి ఉన్నాయి.

ఎస్కలేషన్ అంటే మా భాషలో కింద ఎవరూ తేల్చలేక పైకి తోసేసిన గొడవ. కస్టమర్ మెషిన్ తెస్తే మొదటి వరుస ఇంజనీరు జాబ్ షీట్ రాస్తాడు. అందులో మెషిన్ నంబరు, కస్టమర్ చెప్పిన లోపం, పైకి కనిపించే దెబ్బలు ఉంటాయి. అతని వల్ల కాకపోతే రెండో వరుస ఇంజనీరు విప్పి చూస్తాడు. అక్కడా తేలక కస్టమర్ గొంతు పెంచితే నా టేబుల్ దగ్గరకు పంపుతారు. నేను స్క్రూడ్రైవర్ పట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. నా పనంతా కారణ నివేదిక అనే ఒక పేజీ కాగితంతోనే. తప్పు తయారీలో ఉందా, మా సెంటర్‌దా, కస్టమర్‌దా, బయటి మనిషిదా అని తేల్చి, రాసి, సంతకం పెట్టాలి. నేను ఏది రాస్తే అదే ఖాయం. దాని మీద అప్పీలు లేదు.

ముప్పై ఏళ్లు ఈ వృత్తిలో ఉన్నవాడు మనుషుల మాట నమ్మడం మానేస్తాడు. "నేనేం చేయలేదు సార్, దానంతటదే ఆగిపోయింది" అనే వాక్యం విన్నప్పుడల్లా నా చెవులు నిక్కబొడుచుకునేవి. కీబోర్డు వాసన చూసి అందులో పడింది చాయా, కొబ్బరినీళ్లా అని చెప్పేవాణ్ణి. ఒకాయన తన మెషిన్ ఎప్పుడూ కింద పడలేదని ఒట్టేస్తుంటే, దాని మూలలో ఇరుక్కున్న గచ్చు పెళ్ల తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఇంట్లో పాల ప్యాకెట్ కారినా నేను ముందు చిరుగు ఎటువైపు ఉందో చూస్తానని మా ఆవిడ సణిగేది. నాకు అది పొగడ్తలాగే వినిపించేది.

జులై రెండో వారంలో ఒక మంగళవారం ఉదయం రెండో వరుస ఇంజనీరు ఒక తండ్రినీ కూతుర్నీ నా దగ్గరకు తీసుకొచ్చాడు. తండ్రి పేరు అంజయ్య. సిరిసిల్ల మనిషి. మగ్గాల మీద బతుకు సాగక పాతికేళ్ల కిందట హైదరాబాద్ వచ్చి, మధురానగర్‌లో లేడీస్ టైలర్ షాపు పెట్టుకున్నాడు. కూతురు మౌనిక ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ల్యాప్‌టాప్ మార్చిలో మా కింది కౌంటర్‌లోనే కొన్నారు. నిండా నాలుగు నెలలు కాలేదు.

మౌనిక మెషిన్ ఆన్ చేసి నా వైపు తిప్పింది. నీలం తెర మీద తెల్లటి అక్షరాలు. విండోస్ తెరుచుకోవాలంటే నలభై ఎనిమిది అంకెల కీ కొట్టమని అడుగుతోంది. కొత్త మెషిన్లలో డిస్కు మీద ఒక తాళం ఉంటుంది. రోజూ ఆన్ చేసినప్పుడు మెషిన్‌లోని భద్రతా చిప్ ఆ తాళాన్ని తనే తీసేస్తుంది కనుక, అది ఉన్నట్టే వాడేవాళ్లకు తెలియదు. లోపలి సెట్టింగులు ఎవరైనా కదిలిస్తే మాత్రం చిప్‌కు అనుమానం వచ్చి మొరాయిస్తుంది. అప్పుడు మనిషే ఆ అంకెలు కొట్టాలి. కీ లేకపోతే లోపలున్నది తయారు చేసినవాళ్లు కూడా తీయలేరు.

ఏం కదిలించారని అడిగితే తండ్రే ముందు జవాబు చెప్పాడు.

"అమీర్‌పేటల గా లైనక్స్ సారు కోసిండు సార్. డిస్కు సగానికి కోసిండు. కోసి, మనం సూడకుంట తాళమేసిండు."

మౌనిక కాలేజీ అయ్యాక అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో లైనక్స్ కోర్సుకు వెళుతోంది. అక్కడి ల్యాబ్‌లో మెషిన్లు చాలవు కాబట్టి, విద్యార్థులు సొంత ల్యాప్‌టాప్‌లోనే విండోస్ పక్కన లైనక్స్ వేయించుకుంటారు. ఉన్న ఇంటిని రెండు పోర్షన్లు చేసినట్టు డిస్కును రెండు భాగాలు చేసి, రెండో దాంట్లో లైనక్స్ పెడతారు. మెషిన్ ఆన్ చేయగానే ఏ పోర్షన్‌లోకి వెళతారని అడుగుతుంది. దీన్ని అమీర్‌పేటలో అందరూ డిస్క్ కట్ చేయడం అంటారు. పాఠం చెప్పే ప్రభుదాస్ కూడా ఆ మాటే అన్నాడు, మౌనిక ఇంటికి వెళ్లి తండ్రితో ఆ మాటే చెప్పింది.

అంజయ్య చెవికి కట్ అంటే కత్తెర. బట్ట కోస్తే ముక్క మిగులుతుంది. మిగిలిన ముక్కను చుట్టి, కుట్టిన జాకెట్ లోపల పెట్టి ఇచ్చేయడం ఆయన షాపు పద్ధతి. ఇవ్వని టైలర్‌ను ఆడవాళ్లు రెండోసారి నమ్మరు. "మరి గీయన ముక్క వాపస్ ఇయ్యలే కద సార్. డబ్బా మీద అయిదు వందల పన్నెండు అని ఉన్నది. కొన్ననాడే లోపల నాలుగు వందల డెబ్బై ఆరు చూపెట్టింది. గాయన కోసినంక మూడు వందలకు వచ్చింది. మిగిలింది ఏడవోయినట్టు?"

నేను నవ్వు ఆపుకొని, లైనక్స్ వైపు నుంచి తెరిచి డిస్కు మొత్తం చూపించాను. రెండు భాగాలూ ఉన్నాయి. మొత్తం అయిదు వందల పన్నెండు జీబీ. అది చూసి ఆయన అనుమానం తగ్గకపోగా పెరిగింది. కొన్నప్పుడు లేని ముప్పై ఆరు ఇప్పుడెలా వచ్చిందని అడిగాడు. డబ్బా మీద, లైనక్స్‌లో వెయ్యి లెక్క, విండోస్‌లో వెయ్యిన్నీ ఇరవై నాలుగు లెక్క, ఉన్న సరుకు ఒకటేనని వివరించాను. ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్లకు ఇది చెప్పడానికి నాకు పావుగంట పట్టేది. అంజయ్య ఒక్క క్షణం ఆలోచించాడు.

"గజం లెక్క, మీటర్ లెక్క. గంతేనా?"

అంతే అన్నాను. సరుకు పోలేదని ఆయన ఒప్పుకున్నాడు. కానీ తాళం సంగతి అలాగే ఉంది. ఆయన అసలు భయం కూడా అందులోనే ఉంది.

అంజయ్య షాపుకు వచ్చే ఆడవాళ్లు కొలతకు ఆది జాకెట్ తేనక్కర్లేదు. పాతికేళ్లుగా ఒక్కొక్కరి కొలతలూ ఆయన నోటు పుస్తకాల్లో రాసి పెట్టుకున్నాడు. గుడ్డ పంపి ఫోన్ చేస్తే చాలు, జాకెట్ ఇంటికి వస్తుంది. ఆ వీధిలో ఆరు షాపులుండగా ఆయన దగ్గరకే రావడానికి కారణం అదే. ఏప్రిల్‌లో అకాల వర్షానికి షాపు కప్పు కారి పుస్తకాలు తడిశాయి. మౌనిక కాగితం కాగితం ఆరబెట్టి ఫోటోలు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టింది. టైలర్లకు పనికొచ్చే యాప్ ఒకటి కాలేజీ ప్రాజెక్టుగా చేస్తూ కొలతలు అందులోకి ఎక్కిస్తోంది. బూజు పట్టిన పుస్తకాలను అంజయ్య పాత కాగితాల బండికి వేసేశాడు. ఫోటోలకు మరో నకలు లేదు. శ్రావణం పదిహేను రోజుల్లో ఉంది. వరలక్ష్మీ వ్రతానికి కుట్టాల్సిన గుడ్డలు అప్పటికే షాపులో కట్టలు కట్టి ఉన్నాయి. వాటిని ఎవరి ఒంటికి కోయాలో చెప్పే కాగితం ఈ నీలం తెర వెనకాల ఉండిపోయింది.

"అందరినీ మల్ల ఆది అడుగుతె, పాతికేండ్ల సంది ఏం చేసినవ్ అంటరు సార్," అన్నాడు. గొంతు పెంచలేదు. గొంతు పెంచే కస్టమర్లు నాకు అలవాటు కానీ, ఇలా చెప్పేవాళ్ల ముందు ఇబ్బందిగా ఉంటుంది.

ఆయనకు కావలసింది నా కాగితం. ప్రభుదాస్ తాళం వేశాడని నేను రాసిస్తే పోలీస్ స్టేషన్‌కు తీసుకెళతానన్నాడు. ఇన్‌స్టిట్యూట్‌కు కూడా ఒక నకలు ఇస్తానన్నాడు.

నేను మెషిన్ లోపలి సెట్టింగులు తెరిచి చూశాను. సెక్యూర్ బూట్ అనే కాపలా ఆపేసి ఉంది. తెలియని సాఫ్ట్‌వేర్‌ను లోపలికి రానివ్వనిది అదే. లైనక్స్ వేసేవాళ్లు చాలామంది దాన్ని ఆపుతారు. అంతవరకే అయితే మళ్లీ ఆన్ చేసి చూడొచ్చు, చాలాసార్లు చిప్ శాంతించి తాళం తీసేస్తుంది. కానీ ఇక్కడ చిప్‌నే తుడిచేశారు. దానికి ఇక ఏమీ గుర్తు లేదు. లైనక్స్ వేయడానికి చిప్ తుడవాల్సిన అవసరం లేదు. ఇది మరొకరి చెయ్యి అనిపించింది.

అంజయ్యను బిల్లు జిరాక్స్ తీయించమని కిందికి పంపి మౌనికను అడిగాను. "నేనేం చేయలేదు సార్" అంది. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నేను మరో మాట అడగకుండా ఆ సెట్టింగుల పేజీ తెరిచి ఆమె ముందుకు తోశాను. అప్పుడు చెప్పింది. నీలం తెర రాగానే భయపడి, ఏదో వీడియో చూసి, అందులో చెప్పినట్టు అన్నీ రీసెట్ కొట్టింది. అడిగిన ప్రతిదానికీ ఎస్ నొక్కింది. "బాపుకు చెప్పకుండ్రి సార్. పుస్తకాలు బండికి ఎయ్యమన్నది సుత నేనే" అని తల దించుకుంది. నేను చెప్తాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. ఒకరు దొరికారంటే రెండోవారు కూడా ఏదో దాచే ఉంటారని నాకు గట్టి నమ్మకం. ప్రభుదాస్‌ను కళ్లారా చూడాలనుకున్నాను.

బయటి మనిషిని తప్పుబట్టే ముందు ఆయన మాట వినాలని మా నిబంధన. ఫోన్‌లో అడిగితే సరిపోతుంది. నేను మాత్రం ఆ మధ్యాహ్నమే మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లి అమీర్‌పేటలో దిగాను. మూడో అంతస్తులో ఇన్‌స్టిట్యూట్. మెట్ల పొడవునా పాంఫ్లెట్లు తొక్కుకుంటూ ఎక్కాను. ప్రభుదాస్‌కు నలభై అయిదేళ్లుంటాయి. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. పన్నెండేళ్లుగా అక్కడ లైనక్స్ చెబుతున్నాడు. నేనెవరో చెప్పగానే ఫోన్ తీసి రికార్డింగ్ ఆన్ చేసి మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టాడు.

"ఫికర్ చేయకుండ్రి సార్. అయిపోయినంక మీకు సుత పంపిస్త."

నన్ను అనుమానించేవాడు ఎదురుపడటం నాకు కొత్త. కొంచెం ఒళ్లు మండింది.

ఆయన దగ్గర ఒక పెద్ద రిజిస్టరు ఉంది. ఏ విద్యార్థి మెషిన్‌లో ఏ రోజు ఏ సెట్టింగు మార్చాడో రాసి, పక్కన విద్యార్థి సంతకం తీసుకుంటాడు. మౌనిక పేరు దగ్గర సెక్యూర్ బూట్ ఆపినట్టు ఉంది. డిస్కుకు తాళం ఉందా అనే గడిలో 'లేదన్నది' అని ఉంది. ఆమె సంతకం ఉంది. చిప్ గురించి ఏమీ లేదు. ఒక్క కమాండ్ కొడితే తాళం ఉందో లేదో తెలిసిపోయేది కదా, ఎందుకు కొట్టలేదని అడిగాను. ఆయన రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు.

"అడిగిన సార్. చూడలే. ఆ రోజు పద్దెనిమిది మంది మెషిన్లు ఉండె. అది నా తప్పే."

నా పుస్తకంలో ఆ మాట రాసుకుని కింద గీత గీశాను. తప్పు ఒప్పుకున్నాడు, కేసు ముగిసింది అనుకున్నాను. వృత్తిలో ఇన్నేళ్లున్నవాణ్ణి, తనకు తానుగా తప్పు ఒప్పుకున్న మనిషి మిగతాది కూడా నిజమే చెబుతుండొచ్చని నాకు తట్టలేదు.

నేను లేవబోతుంటే ఆయన ఒక మాట అడిగాడు. తాళం పడిందంటే కీ ఏదో ఒక మెయిల్ ఖాతాలో ఉండి తీరాలి. మౌనిక మెయిల్‌లో తను చూశాడు, లేదు. "మరి మెషిన్ మొదటిసారి ఎవరు ఆన్ చేసిండ్రు సార్?" అన్నాడు. అది మా సెంటర్ చూసుకుంటుందని చెప్పి వచ్చేశాను. ఆయన తలుపు దాకా వచ్చి, నా కాగితం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల చేతికి వెళితే తనను ఆ నెలాఖరుకే తీసేస్తారని మెల్లగా చెప్పాడు. నిజం రాయడమే నా పని అని జవాబిచ్చాను. ఆ జవాబు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

బుధవారం ఉదయానికి నివేదిక టైపు చేసి ఉంచాను. కారణం: బయటి వ్యక్తి జోక్యం. బాధ్యుడు: ప్రభుదాస్. మౌనిక చేసిన రీసెట్‌ను ఒక ఉపవాక్యంలో పెట్టాను. కీ దొరకదు కనుక డిస్కు తుడిచి కొత్తగా విండోస్ వేయడమే మార్గమని చివరన రాశాను. అంటే కొలతలు పోయినట్టే.

పదిన్నరకు ఇద్దరూ వచ్చారు. ఫారం ఇంగ్లీషులో ఉంది. అంజయ్య ప్రతి లైనూ చదివి తెలుగులో చెప్పమన్నాడు. సంతకం చేయించుకునే కాగితం చదివించుకోనిదే జేబులో పెట్టుకోనన్నాడు. కూతురు నొచ్చుకుంది, నేను నొచ్చుకోలేదు. అనుమానించే మనిషంటే నాకు గౌరవం. చదువుతూ నాలుగో అంశం దగ్గర ఆగకుండా అయిదుకు వెళ్లాను. ఆయన వేలు కాగితం మీద పెట్టి ఆపాడు.

"గీడ ఏముంది సార్? గీత గీసిండ్రు."

అది మెషిన్ మొదటి సెటప్ ఎవరు, ఏ రోజు చేశారని రాసే చోటు. ఎప్పుడూ అక్కడ గీత గీసేవాళ్లం. అది ముఖ్యం కాదని చెప్పాను.

అంజయ్య ఒప్పుకోలేదు. తన షాపుకు ఎవరైనా పాడైన జాకెట్ పట్టుకొస్తే తను ముందు అడిగేది అదేనన్నాడు. "మొదటి కత్తెర ఎవలు పెట్టిండ్రు అని అడుగుత సార్. కుట్టు ఎవలైన ఇప్పొచ్చు, మల్ల ఎయ్యొచ్చు. సంకల తప్పు కోసినోడు మొదటోడైతే, తర్వాత కుట్టినోని మీద పడి ఏం ఫాయిద? గా ప్రభుదాసు ముట్టకముందు గీ మెషిన్‌ను ముట్టిందెవలు?"

రెండు రోజుల్లో ఇద్దరు మనుషులు ఒకే ప్రశ్న అడిగారు. ఒకరిది లైనక్స్, ఒకరిది కత్తెర. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నాకు అది తోచలేదు. ఆయన ఎదుటే కింది కౌంటర్‌కు ఫోన్ చేసి కవితను అమ్మకాల రిజిస్టరు పట్టుకుని పైకి రమ్మన్నాను. కవిత నా కింద నాలుగేళ్లు పనిచేసిన సీనియర్ సేల్స్ ఎగ్జిక్యూటివ్. రిజిస్టరు తెరిచి, మొదటి సెటప్ తనే చేశానని చెప్పింది. ఏ మెయిల్‌తో చేశావని అడిగాను. ఆమె నా వంక వింతగా చూసింది.

"కౌంటర్ మెయిల్‌తోనే సార్. మీరు పెట్టిన సర్క్యులరే కద."

నాకు తల కొట్టేసినట్టయింది. కొత్త మెషిన్ మొదటిసారి ఆన్ చేయాలంటే ఒక మెయిల్ ఖాతా అడుగుతుంది. కౌంటర్‌లో కస్టమర్లకు పాస్‌వర్డ్ గుర్తుండదు, ఓటీపీ రాదు, వెనక వరుస పెరుగుతుంది. అందుకని అన్నింటినీ కౌంటర్ మెయిల్‌తో ఆన్ చేసి, పది నిమిషాల్లో కస్టమర్ పేరు పెట్టి, మన ఖాతా తీసేసి ఇచ్చేయమని రెండేళ్ల కిందట సర్క్యులర్ రాసింది నేనే. కస్టమర్లు మెచ్చుకున్నారు. పై ఆఫీసు మెచ్చుకుంది. ఖాతా మెషిన్‌లోంచి తీసేస్తాం కానీ, ఆ పది నిమిషాల్లో పడిన తాళం అలాగే ఉంటుంది, దాని కీ మా మెయిల్‌లోనే మిగిలిపోతుంది. ఆ సంగతి కవితకు తెలియదు. నాకు తెలిసి ఉండాలి.

ఆ ఖాతా తెరవబోయాను. చాలా రోజులుగా ఎవరూ నా టేబుల్ మీది కంప్యూటర్ నుంచి దాన్ని తెరవలేదు కనుక పాస్‌వర్డ్ చాలదంది. ఖాతాకు జతచేసిన ఫోన్‌కు కోడ్ పంపిస్తున్నానని, ఆ నంబరులోని చివరి రెండు అంకెలు చూపించింది. మౌనిక, కవిత, అంజయ్య ముగ్గురూ తెర వైపే చూస్తున్నారు. నా చొక్కా జేబులో ఫోన్ మోగింది.

నేను ఫోన్ తీసి కోడ్ కొట్టాను.

లోపల కీల జాబితా కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉంది. మెషిన్ల పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి. నీలం తెర మీద ఉన్న గుర్తింపు అక్షరాలతో ఒక్కొక్కటీ పోల్చుకుంటూ వెళ్లాను. దొరికింది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది ముక్కలుగా నేను చదివాను, మౌనిక కొట్టింది. ఒకచోట తప్పు పడితే మళ్లీ మొదటి నుంచి చదివాను. విండోస్ తెరుచుకుంది.

కొలతల ఫోటోలన్నీ ఉన్నాయి. అంజయ్య ఒక ఫోటో పెద్దది చేయించుకుని, తన చేతిరాతను పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. భుజం, చంక, చేతి పొడవు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. మౌనిక అప్పుడే, ఎవరూ అడగకుండానే, "బాపు, నేను సుత ఒకటి పాడు చేసిన" అని రీసెట్ సంగతి చెప్పేసింది. ఆయన విన్నాడు. ముందు ఆ ఫోటోలు ఇంకో రెండు చోట్ల పెట్టమన్నాడు.

తరువాత నా వైపు తిరిగాడు. ఆ జాబితా కిందికి జరగడం ఆయన చూశాడు.

"గవన్నీ ఎవలెవలవో తాళాలు. ఆళ్లకు తెలుసా సార్, మీ దగ్గర ఉన్నయని?"

తెలియదని చెప్పాను. ఆయన బల్ల మీది నివేదిక తీసుకుని ఒకసారి చూసి, నా ముందే పెట్టి, కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

ఆ రోజే కొత్త నివేదిక రాశాను. కారణం: సెంటర్ విధానం. బాధ్యుడి చోట నా పేరు రాశాను. ప్రభుదాస్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అంతా విని, అదే మాట కాగితం మీద ఇమ్మన్నాడు. నకలు పంపాను. అందిందని ఒక్క ముక్క జవాబు వచ్చింది. పై ఆఫీసు నాకు మెమో ఇచ్చి సర్క్యులర్ రద్దు చేసింది. జాబితాలో ఉన్న కస్టమర్లకు వాళ్ల కీలు అప్పగించడానికి కవితా నేనూ సెప్టెంబర్ దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాం. చాలామందికి మేం ఏం చెబుతున్నామో అర్థం కాలేదు. కొందరు మమ్మల్నే మోసగాళ్లనుకుని ఫోన్ పెట్టేశారు. వాళ్లను తప్పుపట్టలేకపోయాను.

ఆ పనిలో ఉండగానే, ఆ కుర్చీలో కూర్చున్న నెలన్నరలో నేను సంతకం చేసిన నివేదికలన్నీ తీయించి చూశాను. నీలం తెర కేసులు మరో రెండు ఉన్నాయి. రెండింటిలోనూ నాలుగో అంశం దగ్గర గీత, కింద బయటి వ్యక్తి జోక్యం, కింద నా సంతకం. రెండు మెషిన్లూ మా కౌంటర్‌వే. రెండు కీలూ జాబితాలో ఉన్నాయి.

మొదటి కస్టమర్‌కు ఫోన్ చేశాను. కృష్ణానగర్‌లో వీడియో ఎడిటింగ్ పని చేసుకునే అమ్మాయి. నేను రాసిచ్చింది నమ్మి, డిస్కు తుడిపించేసుకుంది. రెండేళ్ల పని అందులో ఉందట. లైనక్స్ వేసిపెట్టిన స్నేహితురాలితో అప్పటి నుంచి మాటల్లేవని చెప్పింది. తప్పు మాదేనని చెప్పాను. "అప్పుడే చూడొచ్చు కద సార్?" అంది. రెండో కస్టమర్ నంబరు వాడుకలో లేదు.

ఆ తరువాత పదవీ విరమణ దాకా ప్రతి నివేదికలో నాలుగో అంశం నిండిన తరువాతే మిగతావి నింపాను. కస్టమర్‌ను పిలిచేముందు ఆ మెషిన్ మీద మా సెంటర్ పెట్టిన ప్రతి చెయ్యినీ, నా చెయ్యి సహా, ఒక కాగితం మీద రాసుకునేవాణ్ణి. అనుమానించడం నాకు బాగా వచ్చు అనుకున్నాను. ఆ ముప్పై ఏళ్లలో నన్ను నేను ఒక్కసారి కూడా అనుమానించలేదు. అందుకు నష్టపోయింది నేను కాదు.